విప్పడానికే చేసిన లెన్సు

ఆగస్టులో దోహాలో గదిలో ఏసీ 22 మీద ఉంటే గుమ్మం బయట 42. మెడలో కెమెరాతో తలుపు దాటామా, లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పైన పట్టిన తడి అయిదు పది నిమిషాల్లో ఆరిపోతుంది. యాభై ఏళ్ళ నాటి లెన్సయితే సందుల్లోంచి లోపలికీ చేరుతుంది, చిక్కంతా అక్కడే. దానికి తోడు షమాల్ గాలి మోసుకొచ్చే మైదాపిండి లాంటి దుమ్ము.

నా హీలియోస్ 44-2 కి మాత్రం జబ్బు ఇక్కడ పట్టలేదు, కాకినాడ నుంచే వెంట తెచ్చుకుంది. సోవియట్ జెనిట్ కెమెరాలతో వచ్చిన 58 మిల్లీమీటర్ల లెన్సు ఇది. జర్మనీ జైస్ వాళ్ళ బయోటార్ నమూనాలో చేసినది, నాలుగు గుంపులుగా ఆరు అద్దాలు. నంబరు 78తో మొదలవుతుంది, అంటే 1978 నాటిది. ఇన్నేళ్ళూ తోలు కవరులో పెట్టి బీరువాలో దాచాం. భద్రం చేశామనే అనుకున్నాం. చెమ్మ, చీకటి, తోలు ఒక్కచోట ఉంటే బూజుకి అంతకన్నా విందు లేదు. వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూస్తే అద్దం అంచున తెల్లటి వేళ్ళు, ముగ్గుపిండితో సన్నగా గీసినట్టు.

కొత్త ఆటోఫోకస్ లెన్సుని ఇంట్లో విప్పమని ఎవరికీ చెప్పను. లోపల మోటారు, రిబ్బన్ కేబుళ్ళు, జిగురు. పాత లెన్సు సంగతి వేరు. దాన్ని చేసినవాడికి అది ఏదో ఒకరోజు విప్పుతారని తెలుసు. అందుకే ప్రతి రింగు మీదా స్పానర్ మొన పట్టడానికి రెండు గాట్లు పెట్టాడు, ప్రతి గొట్టానికీ మరచుట్టు ఇచ్చాడు. హైదరాబాదు కోఠీలో కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన పక్కన కూర్చుని చూసినప్పుడు నాకిది అర్థమైంది. ఆయన దగ్గరికొచ్చే లెన్సుల్లో సగం అప్పటికే ఎవరో విప్పి పాడుచేసినవట. "ముట్టుకోకుండా తెచ్చుంటే అరగంట పని సార్" అనేవాడు, మరీ కోపం లేకుండా.

పనిముట్లు తక్కువే. రెండు మొనల లెన్స్ స్పానర్, చిన్న స్క్రూడ్రైవర్లు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, ముందు రింగు తిప్పడానికి రబ్బరు బిరడా. జపాన్ లెన్సయితే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ మర తలలో సరిగ్గా కూర్చోదు, జారి తల అరగదీస్తుంది. జేఐఎస్ రకం కొనుక్కోవాలి. మరలు వేయడానికి ఐస్ ట్రే. మొదట ఊడినది మొదటి గదిలో, తర్వాతది రెండో గదిలో. ప్రతి మెట్టుకీ ఫోన్‌తో ఒక ఫొటో. అద్దం తీసేముందు ముందు వైపు ఏదో తెలిసేలా దాని అంచున పెన్సిల్‌తో గుర్తు. తిరగబడ్డ అద్దం చూడటానికి అచ్చం సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, బొమ్మ తీశాకగానీ బయటపడదు.

ఇక్కడ ఇంకో తిప్పలుంది. ఏసీ నడుస్తుంటే దుమ్ము లేస్తుంది, కాబట్టి ఆపాలి. ఆపితే చెమట. ముందు గుంపు విప్పిన రోజు నుదుటికి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాను, మా ఆవిడ ఆ అవతారాన్ని కూడా ఫొటో తీసింది.

తుడవడం అసలు పనిలో చివరి భాగం. ముందు గాలి, తర్వాత మెత్తని బ్రష్షు, ఆ తర్వాతే తడి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా మీరు చేసేది తుడవడం కాదు, గీకడం. లెన్స్ టిష్యూకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, మధ్య నుంచి అంచుకి చుట్టలు చుడుతూ రావాలి. బూజుకి మందుల షాపులో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. కాసేపు నాననిచ్చి తుడవాలి. రెండు అద్దాలు అతికించి ఉన్న జతని మాత్రం ఏ ద్రవంలోనూ ముంచకూడదు, అతుకు విడిపోతుంది.

బూజు పోయినా ఒక్కోసారి దాని జాడ పోదు. అది వదిలే ఆమ్లం కోటింగుని తినేస్తుంది. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టిన ఈ పూత మందం దాదాపు 100 నానోమీటర్లు, తలవెంట్రుక మందంలో కొన్ని వందల్లో ఒక వంతు. ఈ తీరంలో ముత్యాల వ్యాపారం నడిచిన రోజుల్లో మచ్చపడ్డ ముత్యాన్ని పొర ఒలిచి చూసే నిపుణులుండేవారు, కింద ఇంకా మంచి పొర దొరుకుతుందేమోనని. లెన్సులో ఆ ఆశ లేదు. మచ్చ పోలేదని రుద్దేవాడికి మిగిలేది ఒట్టి గాజు. మచ్చ ఉండనివ్వండి, బొమ్మలో అది కనిపించడం చాలా అరుదు.

ఎండలో ఆపిన కారులో కెమెరా వదిలేవాళ్ళ జబ్బు ఇంకోటి. గ్రీజు పలచబడి అపెర్చర్ రెక్కల మీదికి పాకుతుంది, రెక్కలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. లైటర్‌లో పోసే పెట్రోలుని దూదిపుల్లతో అద్ది, రింగు తిప్పుతూ తుడవాలి, ఆరాక మళ్ళీ తుడవాలి. రెక్కలకి నూనె వేయడమన్నదే లేదు. నా లెన్సులో రెక్కలు ఎనిమిది. వాటిని విడదీయలేదు, మిమ్మల్నీ విడదీయమనను.

అయితే ఇదే ఎండ ఒక జబ్బుకి మందు కూడా. అసాహీ పెంటాక్స్ వాళ్ళ సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లో, ఏడు అద్దాల రకంలో, థోరియం కలిపిన గాజు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ రేడియేషన్ తాకిడికి గాజు తేనెరంగుకి తిరుగుతుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ రంగు విరుగుతుంది. కిటికీ అద్దం వాటిలో కొంత ఆపేస్తుంది కాబట్టి బాల్కనీ మేలు, అదీ చలికాలంలో, గ్రీజు కరగనంత ఎండలో. రెండో చివర వెండికాగితంతో మూయాలి, లేకపోతే భూతద్దంలా కర్టెన్ తగలబెడుతుంది. ఈ లెన్సుతో బొమ్మలు తీయడానికి భయపడక్కర్లేదుగానీ గాజుని అరగదీయకూడదు, పగలగొట్టకూడదు.

ఖతర్‌కి పాత కెమెరాల పిచ్చి కొత్త కాదు. సాంస్కృతిక శాఖ చూసిన షేక్ సౌద్ బిన్ మహమ్మద్ అల్ థానీ లోకమంతా గాలించి పాత ఫొటోలు, పాత కెమెరాలు కొన్నారు. 2014లో ఆయన పోయారు. అలాంటి కెమెరాలు గాజు పెట్టెల్లో, కొలిచిన చల్లదనంలో బతుకుతాయి. నాకు నచ్చేది మాత్రం వాడే వస్తువు. వాడుతుంటే వెలుతురు తగులుతుంది, రింగు తిరుగుతుంది, బూజు దరిచేరదు.

ఇక హెలికాయిడ్. ఫోకస్ రింగు తిప్పితే లెన్సు ముందుకీ వెనక్కీ జరిగే మరచుట్టు ఇదే. దీనికి మొదళ్ళు ఒకటికి మించి ఉంటాయి, దేనిలోనైనా మర ఎక్కేస్తుంది, సరైనది ఒక్కటే. అందుకే రెండు గొట్టాలు విడివడే క్షణంలో ఆపి గుర్తు పెట్టుకోవాలి. నేను మార్కర్‌తో గీశాను. పాత గ్రీజు కడిగి, కొత్తది సన్నగా రాసి బిగించాను. రింగు వెన్న మీద కత్తిలా తిరిగింది.

సాయంత్రం ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం పార్కుకి వెళ్ళాను. నీళ్ళకి అవతల వెస్ట్ బే టవర్లు. దూరం ఫోకస్ చూసుకోవడానికి దోహాలో అంతకన్నా మంచి గురి లేదు. రింగు చివరిదాకా తిప్పాను. టవర్ల అంచులు మసకగానే ఉన్నాయి. ఇంకొంచెం తిరిగితే తేలేవే, రింగు తిరగనంది. గ్రీజు కడిగిన పెట్రోలే నా మార్కర్ గీతనీ కడిగేసిందని అప్పుడు వెలిగింది.

మర్నాడు మళ్ళీ ఏసీ ఆపి, తువ్వాలు కట్టుకుని కూర్చున్నాను. ఈసారి గుర్తు సూదిమొనతో గీశాను.