అమరకోశమును పట్టికల కెక్కించుట

అమరసింహుని నామలింగానుశాసనమున మూడు కాండములు, కాండములందు వర్గములు, వర్గములందు పర్యాయపదములు కలవు. ఏ పదము దేని చెంత నున్నదో తెలిసికొనుటయే ఆ గ్రంథమున సగము చదువు.

మా పురసవాక్కమునకు పొరుగుననున్న వేపేరిలో, క్రైస్తవ విజ్ఞాన సంఘపు ముద్రాశాలయందు 1852లో బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినది. అకారాదిక్రమము వెదకువానికి మహోపకారి. కాని అట్టి క్రమమున పాంచజన్యము ‘ప’లోను, శంఖము ‘శ’లోను, విష్ణువు ‘వ’లోను చేరి చుట్టరికము తెగును. దానిని కంప్యూటరు మరల కలుపగలదా?

డేటాబేసులు పెక్కింట సమాచారము పట్టికలలో నుండును. వంశక్రమమును పట్టికలలో నిలుపుటకు మూడు త్రోవలు ప్రసిద్ధములు. బడి రిజిస్టరుతో చెప్పెదను. ‘వ్యక్తి’ మూలజాతి, విద్యార్థి, ఉపాధ్యాయుడు దాని శాఖలు. అందరిని ఒకే రిజిస్టరున వ్రాసినచో విద్యార్థి వరుసలో జీతపు గడి ఖాళీగా నుండును. వేర్వేరు రిజిస్టరులైనచో పేరు, చిరునామా గడులు ప్రతిదానియందును మరల గీయవలెను. ఉమ్మడి వివరము లొకచోట, ప్రత్యేక వివరములు వేరొకచోట నుంచి సంఖ్యతో ముడివేసినచో పునరుక్తి తొలగును గాని, ఒకరి పూర్తి వివరములు కావలెనన్నచో రెండు పుస్తకములు విప్పవలెను.

అమరమునకు ఈ మూడును చాలవు. అందలి సామీప్యమంతయు జాతివారసత్వము కాదు. స్వర్గవర్గమున విష్ణునామముల పిదప లక్ష్మి, పాంచజన్యము, గరుడుడు వత్తురు. విష్ణువు చెంత నున్నదని పాంచజన్యమును దేవతాజాతిలో చేర్చినచో యంత్రము శంఖమును దేవునిగా చేయును! జాతిచే అది శంఖము. శంఖశబ్దమో వారివర్గమున నున్నది. విష్ణువుతో పాంచజన్యమునకు స్వస్వామి సంబంధము. లక్ష్మికి పతిపత్నీ సంబంధము.

హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన శివజా నాయర్, అంబా కులకర్ణి గారలు 2010లో ప్రకటించిన పరిశోధనలో ఈ మర్మము గుర్తింపబడినది. పరాపరజాతి, అవయవావయవి, జన్యజనక, స్వస్వామి మున్నగు సంబంధములను వారు వేర్వేరుగా నిరూపించిరి. ఇది మిక్కిలి మెచ్చదగిన పని. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. పెక్కు సంబంధములు శ్లోకమున వాచ్యములు కావు. వ్యాఖ్యాతల వలనను, గురుముఖమునను తెలియవలసినవి. యంత్రము తనకు చెప్పిన చుట్టరికమునే దాచును, చెప్పనిదానిని ఎరుగదు.

తెలుగు ఇంటిమాటగా మాత్రమే మిగిలిన చెన్నపురి పిల్లవాడు పదమునకు అర్థమును సెల్‌ఫోనులో చూచుకొనగలడు. దాని బంధువుల నెట్లు ఎరుగును? కావున పదములను యంత్రమున భద్రపరచు విజ్ఞులు, వాని చుట్టరిక మెరిగిన పెద్దలుండగనే అడిగి వ్రాసికొనుట యుక్తము. పట్టికలు తరువాతనైనను గీయవచ్చును.