వాల్వు కాగినంక

కందకుర్తి దగ్గర మూడు నీళ్లు కలుస్తాయి. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే గోదావరి, నిజాంసాగర్ దాటి వచ్చే మంజీర, వాటి పక్కన పేరుకే నది అనిపించే హరిద్ర. ఏరు తగ్గితే నడుమ రాతి శివాలయం కనబడుతుంది, వరదొస్తే మునుగుతుంది. నా చిన్నప్పుడు స్నానాల దినాల్లో నీళ్ల చప్పుడు కంటే ముందే మైకు వినబడేది. బొంగుకు కట్టిన హారన్ల నుంచి పాట ఏటి మీద పడి అవతలి మరాఠీ ఊళ్ల దాకా పోయేది. వాళ్లకు మా సినిమా పాటలు ఉచితం.

ఆ సెట్టు మా కాకది. బోధన్‌లో దుకాణం, చుట్టుపక్కల ఊళ్లన్నీ గిరాకీ. పెండ్లి, గణపతి, బతుకమ్మ, ఎలక్షన్ ఏదైనా అదే ఇనుప డబ్బా, అదే గ్రామఫోను, అవే రెండు హారన్లు. లోపల వాల్వులు. స్విచ్చు వేసి ఊకే నిలబడేవాడు. నిమిషం గడిచాక గాజు బుడ్డీల్లో నారింజ రంగు తీగ వెలిగేది, హారన్లో సన్నగా గుర్రుమనేది. "కాగింది" అనేవాడు. డప్పు కొట్టేవాళ్లు గడ్డి మంట దగ్గర డప్పు కాచుకోవడం చూసి పెరిగిన మాకు అందులో వింతేమీ తోచలేదు. తోలుకైనా గాజుకైనా సెగ తగలందే నోరు రాదనుకున్నాం.

కాకకు ఒక నియమం ఉండేది. వాల్యూమ్ నాబ్ చుట్టూ ఒకచోట కుంకుమ చుక్క పెట్టాడు. చుక్క దాటితే గొంతు చీలుతుంది. "చీలుతాంది, తగ్గియ్" అన్న మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. చీలిక అంటే ఆయనకు పరువు పోవడమే.

మొన్న మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తూ ఒక బరువైన పెట్టె తెచ్చాడు. సోవ్‌టెక్ మిగ్-50. రష్యాలో తయారైన గిటారు యాంప్లిఫయర్, 1990ల నాటిది. వీడు వాయించేది హెవీ రాక్. కాక ఇప్పుడు దుకాణం నడపడం లేదు, కానీ పెట్టె వెనక జాలీలోంచి తొంగి చూడగానే ముఖం వెలిగింది. "వాల్వులే గదరా!" అన్నాడు. రెండో మాట "ఎన్ని వోల్టులది?" అమెరికాలో కొన్నది, అక్కడి 120 వోల్టులకు కట్టినది. మన 230లో నేరుగా గుచ్చి ఉంటే కథ అక్కడే ముగిసేది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ తాతా మనవళ్లిద్దరూ ఆ పెట్టె ముందే.

ఇలాంటి పెట్టెను హెడ్ అంటారు. అందులో స్పీకర్ ఉండదు. స్పీకర్లు వేరే క్యాబినెట్‌లో, సాధారణంగా 12 అంగుళాలవి నాలుగు. దాని మీద హెడ్‌ను ఎక్కిస్తారు. మన మైకు సెట్టూ అంతే కదా: డబ్బా బల్ల మీద, హారన్లు చెట్టు మీద.

లోపలి పని చెబుతాను. గాలి తీసేసిన గాజు బుడ్డిలో కాథోడ్‌ను సన్న తీగ ఎర్రగా కాలుస్తుంది. ఆ తీగకు 6.3 వోల్టులు చాలు. కాగిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి, ఎదురుగా ప్లేటు 400 వోల్టుల పైన ఉండి వాటిని లాగుతుంది. నడుమ జల్లెడలాంటి గ్రిడ్. గిటారు తీగ పుట్టించే అతి చిన్న విద్యుత్తు ఆ జల్లెడ మీద కాస్త అటూ ఇటూ అయితే, దాని వెనక పెద్ద ప్రవాహం అంతే లయలో హెచ్చుతగ్గులవుతుంది. తూము తలుపు ఎత్తేది ఒక్క చెయ్యి, పారేది కాలువంత నీరు. 1904లో ఫ్లెమింగ్ రెండు ధ్రువాల వాల్వు చేశాడు. గ్రిడ్ చేర్చింది 1906లో లీ డి ఫారెస్ట్.

మొదట చిన్న వాల్వులు, 12ఏఎక్స్7 రకం, స్వరాన్ని పెంచుతాయి. మన దగ్గర దాన్నే ఈసీసీ 83 అంటారు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది. బీఈఎల్ ముద్ర ఉన్న పాత వాల్వుల కోసం ఇప్పుడు పరదేశపు గిటారు వాళ్లు వెతుకుతారు. చిన్నవాటి తర్వాత రెండు పెద్ద వాల్వులు. ఇవి జంటగా పనిచేస్తాయి. ఒకే రోలు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లు పట్టి ఒకరు ఎత్తగా ఒకరు దించుతూ దంచినట్టు, తరంగంలో పై సగం ఒకటి, కింది సగం ఒకటి మోస్తాయి. పోటు తప్పితే రోకళ్లు తాకుతాయి. అందుకే జోడు కలిసిన వాల్వులు కావాలి, బయాస్ సరిగా పెట్టాలి.

బయాస్ అంటే వాల్వు ఖాళీగా ఉన్నప్పుడు ఎంత కరెంటు మింగాలో నిర్ణయించే రుణ వోల్టేజీ. చెరుకు రసం కాచినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పాకం ముదిరితే మాడుతుంది, లేతగా దించితే బెల్లం గట్టిపడదు. బయాస్ తక్కువైతే ప్లేటు చెర్రీ రంగుకు తిరిగి వాల్వు చస్తుంది. ఎక్కువైతే చల్లగా, గీరుకుపోయినట్టు మోగుతుంది. మీటరు పెట్టి చూడాలి, తర్వాత చెవి పెట్టి వినాలి. కాక రెండోదే చేసేవాడు. మీటరు కొనలేదని కాదు, దాని మీద నమ్మకం తక్కువ.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు వేల ఓముల బరువు కోరుతుంది, స్పీకర్ ఉండేది ఎనిమిదో పదహారో ఓములు. ఈ రెంటినీ కలిపే దుబాసీ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. మైకు సెట్టులోనూ ఉంటుంది, కాకపోతే అక్కడ హారన్లకు దూరం తీగ లాగాలి కాబట్టి 100 వోల్టుల లైను. పెట్టె బరువంతా ఈ ఇనుములోనే. రష్యన్ పెట్టెలో ఇనుముకు పిసినారితనం చేయలేదని ఎత్తిన నడుముకే తెలుస్తుంది. ఒక హెచ్చరిక: స్విచ్చు ఆపి తీగ పీకినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. పాత మెకానిక్కులు ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని రెండో చేత్తోనే లోపల ముట్టుకునేవారు. కరెంటు గుండె మీదుగా దాటకుండా ఉండడానికి.

ఇప్పుడు అసలు సంగతి, చీలిక.

నాబ్ పెంచుతూ పోతే తరంగం వాల్వు ఇవ్వగలిగిన హద్దును తాకుతుంది. ట్రాన్సిస్టర్ సెట్టులో ఆ హద్దు గోడలాంటిది, తరంగం తల కత్తితో కోసినట్టు తెగుతుంది, చెవికి గాజు పెంకులా గుచ్చుకుంటుంది. వాల్వులో హద్దు గట్టులాంటిది, నీరు దాని మీదికి ఎగబాకుతూ మెల్లగా వాలుతుంది. తరంగం తల గుండ్రమవుతుంది. అట్లా గుండ్రమైనప్పుడు అసలు స్వరానికి రెట్టింపు, మూడింతల స్వరాలు పుట్టి దాన్ని అంటుకుంటాయి. పైగా గిటారు స్పీకర్ సుమారు 5,000 హెర్ట్‌జ్ పైన పెద్దగా పలకదు, కాబట్టి మిగిలిన గరుకు అక్కడే రాలిపోతుంది. వినేవాడికి చేరేది లావుపాటి, సాగే, గుర్రుమనే నాదం.

ఇది మనకు కొత్త కాదు. తంబూరా గుర్రం మీద తీగ కింద జీవాళి పెడతారు. ఎందుకు? తీగ శుభ్రంగా మోగకుండా, గుర్రాన్ని రాసుకుంటూ అనుస్వరాలు చిమ్మడానికి. జీవాళి తీసేస్తే తంబూరా శుద్ధంగా ఉంటుంది, నిర్జీవంగా ఉంటుంది. మా సీమ వాడిగా నాకు ఇంకో పోలిక దగ్గర. 1937లో పుట్టిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ చెరుకు రసంలోంచి అన్నీ వడకట్టి తెల్లని చక్కెర తీసింది. కామారెడ్డి వైపు బెల్లం వండేవాళ్లు రసంలో కొంత మడ్డినీ నిలిపారు. బెల్లం రుచి ఆ మడ్డిదే. ట్రాన్సిస్టర్ చక్కెర, వాల్వు బెల్లం. ప్రసంగానికి చక్కెర కావాలి, మాట స్పష్టంగా చేరాలి. కాక చుక్క పెట్టింది అందుకే, అది తప్పు కాదు. గిటారు వాడికి బెల్లం కావాలి.

ఈ రుచి ఎవరు కనిపెట్టారంటే, పేరు చెప్పడం కష్టం. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950లలో బేస్ గిటారు కోసం బాస్‌మన్ అనే యాంప్లిఫయర్ చేసింది. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, తన మనుషులు కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో 1960ల మొదట్లో దాని సర్క్యూట్‌నే అనుసరించి జేటీఎం 45 కట్టించాడు. తేడాలు చిన్నవే, కానీ అది ముందే చీలేది. ఆ తర్వాత బర్మింగ్‌హామ్. అప్పట్లో అదీ మన బోధన్ లాగే ఫ్యాక్టరీ సైరన్‌తో లేచేది. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ ఐయోమీ, పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే చివరి రోజునే యంత్రంలో కుడి చేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. దించిన శ్రుతి, కాగిన వాల్వు కలిసి హెవీ రాక్ బరువు అయింది.

రష్యా ఇందులోకి వచ్చిన దారి మాత్రం పక్కా వ్యాపారం. ట్రాన్సిస్టర్ వచ్చాక పాశ్చాత్య దేశాలు వాల్వు ఫ్యాక్టరీలు మూసుకుంటూ పోయాయి. సోవియట్ సైన్యం మానలేదు. 1976లో విక్టర్ బెలెంకో అనే పైలట్ మిగ్-25తో పారిపోయి జపాన్‌లోని హకొడాటేలో దిగినప్పుడు, విప్పి చూసిన ఇంజనీర్లు దాని ఎలక్ట్రానిక్స్ నిండా వాల్వులే చూసి ఆశ్చర్యపోయారు. న్యూయార్క్‌లో 1968లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ పెట్టిన మైక్ మాథ్యూస్ 1979లో మాస్కో ప్రదర్శనకు వెళ్లినవాడు. తన కంపెనీ 1980ల తొలి సగంలో దెబ్బతిన్నాక, రష్యన్ వాల్వులు దిగుమతి చేసి సోవ్‌టెక్ పేరుతో అమ్మాడు. సైన్యానికి చేసిన గట్టి వాల్వు 6పీ3ఎస్-ఈ మీద 5881 అని ముద్ర వేసి అమ్మింది అతనే. 1990లలో వాటితోనే యాంప్లిఫయర్లు వచ్చాయి, రెండు పెద్ద వాల్వులతో మిగ్-50, నాలుగింటితో మిగ్-100. లోపలి సర్క్యూట్ పాత బాస్‌మన్, మార్షల్ వంశమే. పేరు యుద్ధ విమానం గుర్తు తేవడానికే. హైదరాబాద్ బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో మిగ్-21 పరికరాలు చేసిన మనవాళ్లకు ఆ పేరు గిటారు పెట్టె మీద చూస్తే నవ్వొస్తుంది.

వోల్గా ఒడ్డున సరాటోవ్‌లోని వాల్వు ఫ్యాక్టరీని మాథ్యూస్ తర్వాత కొన్నాడు. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపినప్పుడు ప్రపంచమంతా గిటారు వాళ్లు వాల్వుల కోసం ఎగబడ్డారు. ఆ ఆంక్ష త్వరగానే సడలింది గానీ, ఎంత కొద్ది చేతుల మీద ఈ విద్య నిలిచి ఉందో తెలిసింది.

1990లలో ఈ మిగ్ పెట్టెలు బీదవాడి మార్షల్. చౌక అని కొన్న కుర్రాళ్లే పూర్తిగా తెరిచి వాయించి, వీటిలోని బురద లాంటి నాదాన్ని ఇష్టపడ్డారు. 50 వాట్లు తక్కువనుకోవద్దు. 100కు పెంచినా పెరిగేది మూడు డెసిబెల్లే. "వాట్లు కాదు, హారన్లు పెంచాలె" అని కాక ఎప్పుడూ అనేది అదే.

మూడో రోజు సాయంత్రం మా ఇంటి వెనక గదిలో తీగలన్నీ కలిపారు. మెయిన్ స్విచ్చు వేశారు. మా అల్లుడు స్టాండ్‌బై స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు. "ఆగు" అన్నాడు కాక. గాజులో నారింజ రంగు నిండే దాకా ఆపాడు. "ఆఁ, కాగింది."

నాబ్ సగం దాటింది, ముప్పావు దాటింది. ఒక్క తీగ మీటితే గోడకున్న క్యాలెండర్ కొట్టుకుంది. స్వరం చీలి, చీలినచోటే లావై, ఆగకుండా నిలబడింది. కాక లేచి, ఏమీ మాట్లాడకుండా నాబ్ వెనక్కి తిప్పాడు. వాడు మళ్లీ పెంచాడు. ఈయన మళ్లీ తిప్పాడు.

"తాతా, ఇట్లనే ఉండాలె దీనిది."

"ఇట్లనేనా?"

"ఇట్లనే."

కాక చాలాసేపు వింటూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చాడు. "మల్ల చుక్క యాడ పెట్టాలె, చెప్పు" అన్నాడు.