పిత్తాశయమును తీసివేయవలెనా?

కాలేయమును అంటిపెట్టుకొని ఉండే చిన్న సంచి పిత్తాశయము. దానిలో పట్టునది సుమారు 30 నుండి 50 ఘన సెంటీమీటర్ల పిత్తరసము మాత్రమే. ఆ రసమును తయారుచేయునది కాలేయము. దానిని చిక్కబరచి, భోజనము చేసినపుడు ప్రేవులోనికి విడుచుట పిత్తాశయము పని. కనుక సంచి లేకున్నను జీర్ణక్రియ సాగిపోవును. 1882 జూలైలో బెర్లిన్ నగరమున కార్ల్ లాంగెన్‌బుక్ అను శస్త్రవైద్యుడు ఒక రోగి పిత్తాశయమును తీసివేసి ఈ సంగతి రుజువు చేసినాడు. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె లాపరోస్కోప్ సాయముతో ఆ పని చేసిన పిదప, పెద్ద కోత అవసరము తగ్గినది.

చికిత్స సులభమైన కొలది ప్రశ్న కఠినమైనది. తీయగలుగుట వేరు, తీయవలసి ఉండుట వేరు.

మొదట నొప్పి లేని రాళ్ళ సంగతి. వేరొక కారణముతో అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకొన్నవారికి రాళ్ళు కనబడుట సర్వసామాన్యము. 1982లో గ్రేసీ, రాన్సహాఫ్ అను వైద్యులు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయములో ఇట్టివారు 123 మందిని గురించి వ్రాసినారు. 15 సంవత్సరములలో వీరికి నొప్పి వచ్చు అవకాశము నూటికి 18 మాత్రమే అని తేలినది. ఈ అధ్యయనములో ఒక లోపము కలదు: 123 మందిలో 110 మంది పురుషులు. ఈ జబ్బు స్త్రీలలో ఎక్కువ. అయినను, నొప్పి లేని రాయిని సాధారణముగా కదల్చనక్కరలేదను దాని నిర్ణయమే నేటికిని నిలిచియున్నది.

నొప్పి ఉన్నవారి విషయములో వివాదము తీరలేదు. 2019లో వెలువడిన నెదర్లాండ్స్ పరీక్షలో 1,067 మంది పాల్గొనిరి. ఒక వర్గమునకు వైద్యులు మామూలు పద్ధతిలో నిర్ణయము చేసిరి. రెండవ వర్గములో ఐదు లక్షణములు కలిసియున్నప్పుడే శస్త్రచికిత్స: పోటు తీవ్రముగా ఉండుట, కనీసము 15–30 నిమిషములు నిలుచుట, పొట్ట పైభాగమున లేక కుడిప్రక్కన వచ్చుట, వీపునకు ప్రాకుట, మామూలు నొప్పిమందుకు తగ్గుట. ఒక సంవత్సరము తరువాత నొప్పి లేనివారు మొదటి వర్గములో నూటికి 60, రెండవ దానిలో 56. శస్త్రచికిత్స జరిగినది వరుసగా 75 మందికి, 68 మందికి.

ఈ అంకెలు చూచి కొందరు ‘ఎంపిక కఠినము చేసినను లాభము లేదు’ అనవచ్చును. కాని అసలు పాఠము మరొకటి. ఏ పద్ధతిలోనైనను నూటికి 40 మందికి నొప్పి మిగిలియున్నది. అనగా రాయి ఉండుట ఒకటి, నొప్పికి రాయియే కారణమగుట మరొకటి. కడుపుబ్బరము, పుల్లని త్రేనుపులు, మలబద్ధము వంటివి సంచితో పాటు పోవునని ఆశపడుట తగదు.

2023లో ప్రకటింపబడిన బ్రిటిష్ పరీక్షలో 434 మంది కలరు. 18 నెలల వరకు లెక్కించిన నొప్పిలో, శస్త్రచికిత్సకు కేటాయించిన వర్గమునకు, ఆగి చూచు వర్గమునకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. దీనిని పట్టుకొని ‘శస్త్రచికిత్స వ్యర్థము’ అనుట తొందరపాటు. మొదటి వర్గములో నిజముగా చికిత్స పొందినవారు నూటికి 67 మందే. ఆగిన వర్గములోను 25 మందికి చివరకు అది తప్పలేదు. కనుక ఇక్కడ పోల్చినది రెండు విధానములను గాని, సంచి ఉన్నవారిని, లేనివారిని కాదు. పైగా 18 నెలలు రాళ్ళ జబ్బునకు స్వల్పకాలము. అయినను ఒక్క మాట ఒప్పుకొనవలెను: చిక్కులు లేని నొప్పి గలవారు కొంతకాలము ఆగి చూచుట మూర్ఖత్వము కాదు.

పిత్తనాళములో రాయి, పచ్చకామెర్లు, క్లోమపు వాపు గలవారిని ఆ పరీక్షలో చేర్చుకొనలేదు. అట్టివారు ఆ ఫలితమును తమకు అన్వయించుకొనుట ప్రమాదకరము. వారికి ఆలస్యమే కీడు. గంగానదీ మైదానములో పిత్తాశయ క్యాన్సరు ఎక్కువ. యూరప్ అంకెలతో అక్కడివారికి తీర్పు చెప్పరాదు. శస్త్రచికిత్సకును తన అపాయము కలదు. పిత్తనాళమునకు గాయమగుట అరుదే, అయినప్పుడు మాత్రము బాధ దీర్ఘకాలము. కొందరికి విరేచనములు పలుచనగును.

కావున రోగి వైద్యుని అడుగవలసిన మొదటి ప్రశ్న ‘రాయి ఎంత పెద్దది?’ అని కాదు. ‘ఈ నొప్పి ఆ రాయి వలన వచ్చినదేనా?’ అని. దానికి జవాబు దొరికిన పిమ్మటనే కత్తి మాట. జ్వరముతో కూడిన పోటు, కండ్లు పచ్చబడుట, ఆగని వాంతులు కనబడినప్పుడు మాత్రము ఆలోచనలకు తావు లేదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.