అనుమతింతునా, నిరాకరింతునా?

అప్పా కూడలి దాటి చేవెళ్ల మార్గమున పడమటికి పోవువారికి, ఇరువైపుల ఊడలు దింపిన మఱ్ఱిచెట్ల వెనుక, నిలువెత్తు ప్రహరీగోడలును, ఇనుపగేట్లును, గేటు నెత్తిన రేయింబవళ్లు రెప్పవేయక చూచు సీసీ కెమెరాలును కనబడక మానవు. జంట జలాశయముల పరీవాహకమందలి 84 గ్రామములలో కట్టడములపై ఆంక్షలు విధించుచు 1996లో 111వ జీవో వెలువడినను, మొయినాబాదు మండలమున ఇన్ని ఫారంహౌసులు వెలసిన వైనము వేఱొక వ్యాసమునకు తగిన కథ. నేనిచ్చట ముచ్చటింపదలచినది ఆ గోడల లోపల, ఒక గదిలో, బల్లమీద నుండు కంప్యూటరును గూర్చి. గేటు దగ్గఱ నిలిచినవాడెవడో ఫోనులో చూచుకొనక గడియ తీయని గృహస్థుడు సైతము, తన కంప్యూటరు ఏ క్షణమున ఎవరితో సంభాషించుచున్నదో ఒక్కనాడును విచారింపడు.

2020 తరువాత ఇంటినుండియే ఉద్యోగము చేయు పద్ధతి నెలకొనుటతో, గచ్చిబౌలి అద్దెలకు వెఱచి ఈ వైపు వచ్చి స్థిరపడినవారు కొందఱు, శనివారము వచ్చి సోమవారము పోవువారు కొందఱు. ఇక్కడి ఇంజనీరింగు కళాశాలల హాస్టళ్లలో నుండు విద్యార్థుల సంగతి చెప్పనక్కఱలేదు. వీరు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొక్కటే: "సార్, ఇంటి కంప్యూటరుకు ఏ ఫైర్‌వాల్ మంచిది?" ప్రశ్న సరళమైనదే కాని, ఒక పేరు చెప్పి ముగింపదగిన ఉత్తరము దీనికి లేదు, ఏలయన, ఈ వస్తువును ఎన్నుకొనుట యనగా, కంప్యూటరు మనలను దినమునకు ఎన్ని మార్లు ప్రశ్నింపవచ్చునో, ఆ ప్రశ్నలకు ఇంటిలో ఎవరు తెలిసి సమాధానము చెప్పగలరో నిర్ణయించుకొనుటయే యని నా అభిప్రాయము.

సామాన్యుని కంప్యూటరునకును ఇట్టి కాపు అవసరమని లోకమునకు గట్టిగా తెలిసివచ్చిన సంవత్సరము 2003. అంతకు రెండేండ్ల పూర్వము వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో ఒక ఫైర్‌వాల్ ఉండనే యుండెను. కాని ఎవరికి వారు వెదకి ఆన్ చేసికొననిదే అది మేలుకొనెడిది కాదు. ఆ యేటి ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు 135వ పోర్టు (నెట్‌వర్కు ద్వారము) గుండ చొరబడి, యజమాని ఏ ఫైలును తెఱవకున్నను, ఏ లింకును నొక్కకున్నను, కేవలము నెట్ తగిలించి యుంచిన నేరమునకే, అరువది సెకన్లలో కంప్యూటరు ఆగిపోవునను ప్రకటనను తెరమీద వేలాడదీసి, అంతటితో దానిని ఆర్పి మరల వెలిగించుచు వేధించినది. మఱుసటి యేడు సాసర్ అను మఱియొక పురుగు 445వ పోర్టును పట్టుకొనెను. 2004 ఆగస్టులో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాకుతో గాని, ఎవరును అడుగకయే ఫైర్‌వాల్ పనిచేయు ఏర్పాటు జరుగలేదు.

టీసీపీ లెక్కలో ఒక కంప్యూటరునకు 65,536 పోర్టులు. లోపలినుండి మనము ఆరంభించిన సంభాషణను జ్ఞాపకముంచుకొని, దానికి వచ్చు ప్రత్యుత్తరమును మాత్రము రానిచ్చి, పిలువక వచ్చినదానిని బదులైనను చెప్పక పాఱవేయుట ఫైర్‌వాల్ చేయు ప్రధానకార్యము. ఈ పనిలో పెద్దపాలు నేడు గోడకు తగిలించిన ఫైబరు రౌటరే నిర్వహించుచున్నది. ఇంటిలోని పరికరములన్నిటికిని కలిపి బయట ఒకే చిరునామా యుండుటచే, పిలువని ప్యాకెట్ వచ్చినచో దానిని ఎవరికి చేర్పవలెనో ఎఱుగక అది విడిచిపెట్టును. ఐపీవీ6 వచ్చి ప్రతి పరికరమునకును సొంత చిరునామా లభించుచున్నందున ఈ భరోసా కొంత సడలినది గాని, రౌటరులో దానికి సంబంధించిన ఫైర్‌వాల్ ఆన్‌లో ఉన్నదో లేదో చూచుకొనిన చాలును.

మఱి కంప్యూటరులో వేఱొకటి యెందులకన, ప్రమాదము రౌటరునకు ఆవలనే యుండునన్న నియమము లేదు. ప్రహరీని కాచుటకై తెచ్చిన కెమెరాయే ఇందుకు నిదర్శనము. దానిని బిగించిపోయిన కుఱ్ఱవాడు 'అడ్మిన్' అను పేరును, తయారుచేసినవారు పెట్టిపంపిన పాస్‌వర్డును అట్లే వదలిపెట్టుట పరిపాటి. 2016లో మిరాయ్ అను పురుగు ఇట్టి కెమెరాలను, డీవీఆర్ పెట్టెలను, రౌటర్లను ప్రపంచమంతట లోబఱచుకొని, అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపు డైన్ అను సంస్థపై దండెత్తి, ట్విటర్ మొదలగు ప్రసిద్ధ స్థలములు గంటలకొలది తెఱచుకొనకుండ చేసినది. 2017 మే నెలలో విజృంభించిన వనాక్రై, సాసర్ వాడిన ఆ 445వ పోర్టు గుండనే, ఒకే గూటిలోని కంప్యూటరునుండి కంప్యూటరునకు ప్రాకెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. అద్దెకున్నవాని ఫోను, చుట్టపుచూపుగా వచ్చినవారి లాప్‌టాపు, వైఫైకి తగిలిన టీవీ, ఇవన్నియు రౌటరు దృష్టిలో ఇంటివారే.

మా ఇంటి లాప్‌టాపులో, నిరాకరించిన ప్యాకెట్లను నమోదుచేయు సౌకర్యమును కుతూహలముకొలది ఆన్ చేసితిని. విండోస్ ఫైర్‌వాల్‌లో ఇది మామూలుగా ఆఫ్ అయి యుండును. తెఱచి చూడగా, వరుసవరుసకును తేదీ, సమయము, డ్రాప్ అను మాట, యూడీపీ అను మాట, 192.168.1తో ఆరంభమగు చిరునామా, పిదప 1900 అను పోర్టు సంఖ్య. చిరునామా మా ఇంటిదే యగుటచే రౌటరు పట్టికతో సరిచూచితిని. అది ముందుగదిలోని టీవీ! తనతో కలిసి పనిచేయదగిన పరికరము ఇంటిలో ఇంకేదైన గలదేమోయని అది పగలనక రేయనక కేకవేయుచుండును. లాప్‌టాపు పలుకక ఊరకుండును. కొన్ని ఫైర్‌వాల్‌లు "ఈ మాసమున ఇన్ని వేల దాడులను అడ్డుకొంటిమి" అని ఎఱ్ఱని అంకెలతో చాటుకొనునపుడు, వానిలో ఇట్టి నిరపాయమైన కేకలెన్ని కలిసియున్నవో వారు చెప్పరు. ఆ అంకెను చూచి సాలుకు డబ్బు కట్టవద్దని నేను నిర్మొహమాటముగా చెప్పుచుందును.

ఇంతవఱకు వచ్చువారి మాట. ఎన్నికలో అసలు చిక్కు పోవువారితో గలదు. మాకు కూతవేటు దూరమున గోలకొండ యున్నది. 1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది మాసములు ముట్టడించియు గోడను భేదింపలేక, లోపలి యధికారి యొకడు రాత్రివేళ ద్వారము తెఱచుటచే గాని దానిని పుచ్చుకొనజాలలేదు. విండోస్ ఫైర్‌వాల్, మనము ఏమియు మార్చనంతవఱకు, లోపలికి వచ్చుదానిని ఆపును గాని వెలుపలికి పోవుదానిని ఆపదు. 2007లో విస్టాతో ఆ శక్తియు దానికి కలిగినది. అయినను, నియమములు వ్రాయువారొకరు ఉండవలెను గదా! ఉచితముగా దొరకిన ఏదో సాఫ్ట్‌వేరుతోపాటు కంప్యూటరులో దిగిన దొంగ ప్రోగ్రాము, ఇంటి రహస్యములను మూటగట్టి బయటికి పంపునపుడు, అది లోపలినుండి ఆరంభమైన సంభాషణయే యగుటచే, కావలివాడు దానికి సగౌరవముగా త్రోవ యిచ్చును.

జోన్ అలారం, కేరియో, సైగేట్, ఔట్‌పోస్ట్ మొదలగు ఫైర్‌వాల్‌లు పేరు గడించినది ఈ లోటును పూరించుట చేతనే. ప్రతి ప్రోగ్రామును, అది మొదటిసారి నెట్‌ను తాకబోవు వేళ నిలువరించి, అనుమతింతువా, నిరాకరింతువా యని ఇవి యజమానిని అడిగెడివి. కాగితముమీద ఇంతకంటె ఉత్తమమైన ఏర్పాటు లేదు. ఆచరణలో జరుగునదేమో చేవెళ్ల బస్టాండు దాపున నున్న ఒక రిపేరు దుకాణమున కూర్చుండిన తెలియును. ఒక రైతుగారి అబ్బాయి తన లాప్‌టాపు తెచ్చి బల్లమీద పెట్టెను. తెఱచీ తెఱవకమునుపే మూలనుండి ఒక పెట్టె లేచి, ఎస్‌వీసీహోస్ట్ అనునది నెట్‌కు పోగోరుచున్నది, ఏమి ఆజ్ఞ యని అడిగినది. అబ్బాయి దుకాణదారుని మొగము చూచెను. "ఏం గాదు తమ్మీ, అలౌ కొట్టు. నో కొడితే నెట్ బందైతది" అని ఆయన తలయెత్తకయే సెలవిచ్చెను.

ఆయన అన్నది అబద్ధము కాదు. ఎస్‌వీసీహోస్ట్ విండోస్ సేవలు పెక్కింటిని తన కడుపున పెట్టుకొని నడపు ప్రోగ్రాము. వలదన్నచో అప్‌డేట్లు నిలిచిపోవును, సరేనన్నచో అందులో దేనికి సరేనంటిమో మనకే తెలియదు. ఇట్టి ప్రశ్నకు ఆ శాస్త్రము చదివినవాడు సైతము తడుముకొనును. మామిడితోట లెక్కలు వ్రాసికొను గృహస్థుని అడుగుట న్యాయమా? రెండు దినములు శ్రద్ధతో చదువును, మూడవనాడు చదువక నొక్కును, వారము తిరుగకమునుపే ప్రశ్న తెరమీదికి వచ్చుటయు వ్రేలు 'అలౌ' మీద పడుటయు ఏకకాలమున జరుగును. మా అన్నగారి కుమారుడు, కంప్యూటర్ సైన్సు చదువుచున్నవాడే, "చిన్నాయనా, దీని అడుగుడు ఎక్కువైంది, తీసేస్తున్న" అని తన ఫైర్‌వాల్‌ను నా యెదుటనే తొలగించెను. ఉన్నవానిలో మిక్కిలి కట్టుదిట్టమైనది తెచ్చుకొని, అది విసిగించుచున్నదని తీసివేయువాడు, ఏదియు కొననివానికంటె మెఱుగుగా నున్నాడని నేననజాలను.

ఆయుర్దాయము సైతము విచారింపవలసిన విషయమే. సైగేట్‌ను 2005లో సిమాంటెక్ కొని, కొలదికాలమునకే దానిని నిలిపివేసెను. ఔట్‌పోస్ట్‌ను తయారుచేసిన ఆగ్నిటమ్‌ను 2015లో యాండెక్స్ పుచ్చుకొనగా దానికిని అదే గతి పట్టెను. ప్రోగ్రామును పేరునుబట్టి మాత్రమే గుర్తించు అలనాటి కొన్ని ఫైర్‌వాల్‌లను, నమ్మకమైన ప్రోగ్రాము పేరు తగిలించుకొనిన దొంగ యిట్టే దాటిపోవచ్చునని భద్రతా పరిశోధకుడు స్టీవ్ గిబ్సన్ తన లీక్‌టెస్ట్ అను పరీక్షా ప్రోగ్రాముతో చూపిన మీదట గదా వాని కర్తలు సవరణలకు పూనుకొనినది! సవరించు కర్త లేని కాపు, ఎంత పేరున్నదైనను, గడచిన పంచాంగము.

కావున నన్ను అడుగువారికి నేను చెప్పునది చప్పగా నుండును. విండోస్‌లో నున్నదానినే ఉండనిండు; ఇల్లు విడిచి హాస్టలు వైఫైకో ఫోను హాట్‌స్పాటుకో తగిలించినపుడు ఆ నెట్‌వర్కును 'పబ్లిక్' అనియే గుర్తింపుడు; వైఫైతో నడచు కెమెరాను, టీవీని రౌటరులోని గెస్ట్ వైఫైకి మార్చి, కెమెరా పాస్‌వర్డును నేడే మార్పుడు. వెలుపలికి పోవుదానిమీద అదుపు కావలెనన్న పట్టుదల గలవారికి టైనీవాల్ చూపుదును. అది అడుగదు. మనము జాబితాలో చేర్చినవానిని పోనిచ్చును, తక్కినవానిని మౌనముగా ఆపును. ఏదైన ప్రోగ్రాము పనిచేయక మొరాయించినపుడు, దాని కిటికీమీద నొక్కి మనమే జాబితాలో చేర్చుకొనవలెను. ఈ మౌనము కొందఱికి గిట్టదు. నాకు ఇదియే దాని సుగుణముగా తోచుచున్నది, ఏలయన నిర్ణయము తొందరలో నున్నపుడు గాక, మనకు అవసరము పడినపుడు జరుగును. ఉబుంటు వాడు విద్యార్థులకు యూఎఫ్‌డబ్ల్యూ అను ఫైర్‌వాల్ చేతికంది యున్నది. దానిని ఆన్ చేయవలసినది మాత్రము వారే. ఇక విండోస్ 10 సంగతి: దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది, అప్‌డేట్లు లేని యంత్రమునకు ఏ ఫైర్‌వాల్ తెచ్చినను ఫలము స్వల్పము.

వీనిలో ఏదియు ఆపలేనిది యొకటి గలదు. కరెంటు బిల్లు బాకీ యున్నదనియో, ఖాతా స్తంభించినదనియో ఫోను చేసి, దూరమునుండి తెరను చూచు యాప్‌ను మన చేతనే దింపించుట. 2019లోనే రిజర్వుబ్యాంకు ఎనీడెస్క్ పేరెత్తి బ్యాంకులను హెచ్చరించినది. ఆ యాప్ మోసము కాదు, సక్రమమైన పనిముట్టే. సంభాషణ లోపలినుండి ఆరంభమగును, అనుమతియు మనమే యిత్తుము, కావున ఫైర్‌వాల్ తన ధర్మము ప్రకారము పోనిచ్చును. అట్టి వేళ నెట్ తీగ ఊడబెఱికి, సైబరు మోసముల ఫిర్యాదు సంఖ్య 1930కి ఫోను చేయవలెను. మా వీధిలోని పెద్దలకు నేను ఫైర్‌వాల్ పేర్లు చెప్పుట మాని ఈ అంకెను చెప్పుచున్నాను.

కుదురుగా నియమములు అమర్చుకొనినవారికి మఱొక్క మాట. మన ప్రాంతపు దుకాణములలో కంప్యూటరునకు ఏ జబ్బు వచ్చినను ఔషధ మొక్కటే: "ఫార్మాట్ కొట్టాలె సార్." దానితో ఫైర్‌వాల్ నియమములన్నియు తుడిచిపెట్టుకొని పోవును. విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ కిటికీలో కుడివైపున 'ఎక్స్‌పోర్ట్ పాలసీ' అను సౌకర్యము గలదు. దానిని నొక్కి, వచ్చిన ఫైలును పెన్‌డ్రైవులో దాచి, ఆ పెన్‌డ్రైవును మాత్రము దుకాణమునకు ఈయకుండుడు.