విరగ్గొట్టే హక్కు

మా అక్క కొడుకు కత్తులు చేస్తున్నాడు. చేస్తే చేశాడు గానీ, దానికి పెట్టిన ఖర్చు విన్నప్పటి నుంచి ఈ వారమంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు సెలవు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని బెల్ట్ గ్రైండర్ బిగించాడు. 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవున్న గరుకు పట్టీ గిర్రున తిరిగే యంత్రం అది. ధర మా ఇంట్లో ఫ్రిజ్ కన్నా ఎక్కువ. అది కాక గ్యాస్ కొలిమి, వైసు, మాస్కులు, కళ్ళద్దాలు. ఇంత సరంజామాతో వాడు చేసింది వంకాయలు తరుక్కునే కత్తి. సంతలో బేరమాడి కొనుక్కోవచ్చు.

కత్తుల విషయంలో నా ఛాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. వేలు కోసేది మొద్దు కత్తే, పదునున్నది మాట వింటుందని ఎన్ని వారాలు రాశానో లెక్కలేదు. సాన పట్టేవాడి సైకిల్ వీధిలోకి రావడం మానేసినప్పుడు ఒక వారమంతా దానికే కేటాయించాను. చేతులకి పని చెప్పడం మానేశామని సందు దొరికినప్పుడల్లా సాధించేదీ నేనే. ఆ లెక్కన మేనల్లుణ్ణి చూసి ముచ్చటపడాలి. పడలేకపోయాను. కొలిమిని నమ్ముకున్నవాళ్ళు తిండి చాలక ఊళ్ళు వదిలిపోతే, అదే కొలిమి ఇప్పుడు జీతగాళ్ళకి వారాంతపు కాలక్షేపమైంది. దాన్ని చూసి చప్పట్లు కొట్టడానికి నాకు చేతులు రాలేదు.

పని మాత్రం శ్రద్ధగా చేశాడు, కాదనను. పాత లారీ కమాను పట్టీ ముక్క తెచ్చాడు. ఆ ఉక్కులో కార్బన్ 0.6 శాతం దాకా ఉంటుంది, వంటింటి కత్తికి సరిపోతుంది. ఆకారానికి కోసి, అరగదీసి, కొలిమిలో పెట్టాడు. ఎర్రబడుతున్న ముక్కకి మధ్యమధ్య అయస్కాంతం ఆనించి చూశాడు. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్ణించి ఇంకాస్త కాలనిచ్చి, వెచ్చబెట్టిన నూనెలో ముంచాడు. తీశాక ఆకురాయితో గీశాడు. పట్టుకోకుండా జారిపోతే గట్టిపడినట్టు. కానీ అప్పుడది గట్టితనంతో పాటు పెళుసుగానూ ఉంటుంది, చెయ్యి జారితే పగులుతుంది. ఆ పెళుసు తగ్గడానికి వంటింటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండు దఫాలు కాచాలి. మా అక్క ఆ వేళకి చేద్దామనుకున్న కేకు వాయిదా పడింది.

ఇంత చేసి మొదటి కత్తిని ఏం చేశాడనుకున్నారు? వైసులో బిగించి, సుత్తితో కొట్టి విరగ్గొట్టాడు. విరిగిన రెండు ముక్కలూ నా అరచేతిలో పెట్టి, “చూడండి మావయ్యా, లోపల ఎలా ఉందో” అన్నాడు. విరిగిన చోట పటికబెల్లం పలుకుల్లా తళతళలాడుతోంది. అంటే ఎక్కువ కాలిందట, ఉక్కులో గింజ పెరిగిపోయిందట. తర్వాత విరగ్గొట్టిన ముక్కలూ ఇచ్చాడు. వాటిలో మెరుపు లేదు, సన్నటి బూడిదరంగు. అది మంచి ఉక్కు లక్షణం.

ఈ విద్య వాడు ఎక్కువగా అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్నాడు. అక్కడ 1976లో పెట్టిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అనే సంఘం ఉంది. వాళ్ళ మొదటి మెట్టు పరీక్ష వింటే నవ్వొస్తుంది. అభ్యర్థి తన చేత్తో చేసిన కత్తితో, వేలాడుతున్న అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెగ్గొట్టాలి. దూలం లాంటి చెక్కని రెండుసార్లు నరకాలి. ఆ తర్వాత అదే అంచుతో చేతిమీది వెంట్రుకలు గొరగాలి. చివరికి దాన్ని వైసులో బిగించి 90 డిగ్రీలు వంచితే రెండు ముక్కలు కాకూడదు. అంత కష్టపడి నెగ్గించిన కత్తి ఆ తర్వాత దేనికీ పనికిరాదు. పాడుచేయడానికే ఒక కత్తి చేసుకోవడమంటే కడుపు నిండినవాళ్ళ వేడుక కాక మరేమిటి అనుకున్నాను. అనుకోగానే మా ఊరి ఆచారి గుర్తొచ్చాడు.

మా ఊళ్ళో కొలిమి రామాలయం వెనక తాటాకు పాకలో ఉండేది. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. కిటికీ పెట్టుకోలేదేం తాతా అంటే, “వెలుతురు పడితే ఇనుము రంగు తెలీదు బాబూ” అనేవాడు. అయస్కాంతం చెప్పేది ఆయనకి కళ్ళే చెప్పేవి. ఏరువాక దగ్గరపడితే పాక ముందు నాగటి కర్రులు గుట్టపడేవి. తిత్తి ఊదే పని వంతులవారీగా పిల్లలది. పట్టకారుతో కర్రుని దాగలి మీద ఆయన తిప్పుతుంటే, ఆయన భార్య సమ్మెట దించేది. చీర చెంగు నడుముకి బిగించి, ఊపిరి ఎగదన్నకుండా కొట్టేది. ఊళ్ళో ఆమెని పనిమంతురాలని ఎవరూ అన్నట్టు గుర్తు లేదు. ఆచారి పెళ్ళామనే అనేవారు.

చేతికి డబ్బులు రావడం తక్కువ. కళ్ళం నాడు మేర కొలిచేవారు, అరకకి ఇన్ని కుంచాలని. ఏడాదిలో ఎన్నిసార్లు కర్రు కాల్చినా, ఎన్ని కొడవళ్ళకి కక్కు కొట్టినా ఆ గింజలే. ఆచారి కొడవళ్ళు మెత్తన అని పక్క ఊరివాళ్ళు వెక్కిరించేవారు, కోత సగంలోనే పదును పోతుందని. ఆయనకి గట్టిగా చేయడం రాక కాదని మేనల్లుడి ముక్కలు చూశాకే నాకు అర్థమైంది. మెత్తనైతే మళ్ళీ సాన పట్టొచ్చు. గట్టిగా చేయబోయి నీళ్ళలో పగిలితే ఇనుము పోతుంది, పైగా కోత ముందు రోజు కామందు నోటి వెంట వచ్చే మాటలు పడాలి. ఒక్క ముక్క పాడుచేసే వెసులుబాటు లేనివాడు కొత్తగా ఏం చేసి చూస్తాడు? ఎప్పుడూ విరగనిదే చేస్తాడు.

ఆచారి తనకోసం చేసుకున్న వస్తువు నాకు తెలిసి ఒక్కటే. నాట్లు అయిపోయి కొలిమికి పని పలచబడిన వానాకాలంలో ఒక అడకత్తెర చేశాడు. చిలక ఆకారం. కీలు మేకు సరిగ్గా చిలక కన్ను ఉండాల్సిన చోట పడింది. మూస్తే ముక్కు వాలుతుంది, తెరిస్తే మెడ నిక్కుతుంది. తోక మీద ఈకల గీతలు పాత ఆకురాయి మొనతో గీశాడు. అడిగినవాళ్ళకల్లా తెరిచి మూసి చూపించేవాడు. ఒకరోజు మునసబు గారు అటు వెళుతూ చూసి, ముచ్చటపడి, “బావుందోయ్” అని జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

అది దొంగతనమని ఊళ్ళో ఎవరికీ తోచలేదు. మేర కొలిచాం కనుక కొలిమిలోంచి వచ్చేదంతా ఊరిదే అన్నది లెక్క. ఆచారి కూడా ఏమీ అనలేదు. ఆ తర్వాత పని లేని వానాకాలాల్లో ఆయన పాక వసారాలో మంచం వాల్చుకుని పడుకునేవాడు.

కొలిమి ఆరిపోయిందని పత్రికల్లో మేం పెట్టే శోకాల్లో ఈ అడకత్తెర కనిపించదు. ఆచారి కొడుకు వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. గేట్లు, కిటికీ గ్రిల్సు చేస్తాడు, అడుగుకి ఇంత అని రేటు బోర్డు రాసిపెట్టాడు. మొన్న ఊరెళ్ళినప్పుడు కుశలం అడిగి, కొలిమి పోయిందే అని నేను నిట్టూరిస్తే, “పోనీండి” అన్నాడు. ఆ మాటలో దిగులు లేదు.

కోనసముద్రం సంగతీ ఇలాంటిదే. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు అక్కడిదాకా వచ్చేవాడని, తమ దేశంలో ఆ ఉక్కు చేయబోయి చేతకాలేదని చెప్పాడని, 1820లలో హెన్రీ వాయ్సీ రాసిపెట్టాడు. వూట్జ్ అని లోకం పిలిచిన ఉక్కు అది. 1819లో దాన్ని ప్రయోగశాలలో పరీక్షించినవాడు మైకేల్ ఫారడే, ఆయనా కమ్మరి కొడుకే. బేరం పోయాక మన దగ్గర ఆ విద్యా పోయింది. కూటి కోసమే బతికిన విద్య, కూడు ఆగిన రోజున ఆగిపోయింది. ఆ ఉక్కు కత్తుల మీది అలల చారల గుట్టు తవ్వి తీసింది, ఫ్లోరిడాలో గుర్రాలకి నాడాలు కొట్టుకునే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే, అయోవా ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్ కలిసి. ఖనిజంలో అతి కొద్దిగా ఉండే వెనేడియం వంటి లోహాలే కీలకమని 1998లో ప్రకటించారు. అందుకోసం కొలిమిలో ఎన్ని ముద్దలు పాడుచేసినా వాళ్ళని నిలదీసే కామందు లేడు.

మేనల్లుడి కత్తి మా ఆవిడకి నచ్చింది. టమాటా తొక్క మీద బరువు వేయకుండానే దిగిందని మురిసిపోయి, ఇచ్చెయ్యరా అంది. వాడు ఇవ్వలేదు. “మీకు ఇంకోటి చేసిస్తా అత్తయ్యా, ఇది మాత్రం నాది” అన్నాడు. పెద్దవాళ్ళు నోరు తెరిచి అడిగితే ఈ పిసినారితనమేమిటని అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు మాత్రం ఆ ఒక్క మాట కోసమే వాడి గ్రైండర్ ఖర్చు క్షమించేశాను. నాది అనగలగడం, ఇవ్వననడం, నచ్చకపోతే విరగ్గొట్టి చూసుకోవడం, ఇవేవీ మా ఊరి కొలిమిలో కుదిరేవి కావు. కులం కొద్దీ దాగలి ముందు కూర్చున్నవాడి కన్నా, ఇష్టపడి వచ్చి కూర్చున్నవాడి చేతిలోనే ఈ పని బాగుపడుతుందని ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది. అయినా ఒప్పుకుంటున్నాను.

కత్తులు చేయాలని సరదాపడే కుర్రాళ్ళకి ఒక మాట. వీడియోలు చూడండి, కమాను ముక్కలు పాడుచేయండి, మీ ఇష్టం. మీకు తెలిసిన ఊళ్ళో ఇంకా కొలిమి రాజేసే ఆచారి ఎవరైనా ఉంటే మాత్రం ఒక ఆదివారం అక్కడికి వెళ్ళండి. పని నేర్పమనీ, కర్రు కాల్చమనీ అడక్కుండా, రోజు కూలికి రెట్టింపు ముందే చేతిలో పెట్టి, ఆయనకి తోచింది చెయ్యమనండి. తిత్తి మీరు ఊదండి. సాయంత్రానికి ఏం తయారైనా, ఎంత ముచ్చటగా ఉన్నా, దాన్ని జేబులో వేసుకుని రాకండి.