దొరకని దిగుమతి – కంపైలరు చెప్పెడి జవాబు

సి భాష నేర్చుకొనుచున్న విద్యార్థి ఒకడు, వాడుకరి ఇచ్చిన సంఖ్యకు వర్గమూలము కట్టు ప్రోగ్రాము వ్రాయును. గణితపు హెడర్ ఫైలును మొదటనే పేర్కొనును. అయినను లినక్సు యంత్రముపై జీసీసీతో కంపైలు చేయగానే, వర్గమూల ప్రమేయమునకు నిర్వచనము లేదను ఫిర్యాదు వచ్చును. అతడు హెడర్ వరుసను నాలుగుమారులు సరిచూచుకొనును. అందు తప్పేమియు లేదు. హెడర్ ఫైలు ఆ ప్రమేయము పేరును, అది తీసికొను విలువల రకమును మాత్రమే తెలుపును. లెక్క కట్టెడి అసలు భాగము వేరొక గణిత లైబ్రరీలో నుండును. దానిని జతపరచుమని ఆదేశము చివర ‘ఎల్‌ఎమ్’ గుర్తు చేర్చవలసియుండెను. ఫిర్యాదు చేసినది కంపైలరు కాదు, దాని తరువాత పనిచేయు లింకరు. ఈ సంగతిని తెలుపుటకు సందేశము చివర ‘ఎల్‌డి’ అను రెండక్షరములున్నవి. ఎరిగినవానికి అవి చాలును. ఎరుగనివానికే గదా సందేశము కావలసినది!

హెడర్ ఫైలే దొరకనప్పుడు మాత్రము జీసీసీ ఆ పేరు చెప్పి అక్కడనే పని ఆపివేయును. మొరటుగా తోచినను ఇది మేలైన పద్ధతియే. ఒక్క దిగుమతి తప్పినచో దానిపై ఆధారపడిన పేర్లన్నియు తెలియనివే అగును. ప్రతిదానికి ఒక దోషము చూపినచో మూలకారణము ఆ గుంపులో మునిగిపోవును. రస్టు భాష కంపైలరు ఇంకను నేర్పుగా నడచుకొనును. దొరకని పేరు స్థానమున ఒక ఉత్తుత్తి పేరును నిలిపి, తప్పును ఒక్కసారి తెలిపి, ఆ పేరు మరల కనిపించినపుడు మిన్నకుండును.

విద్యార్థులకు పరిచితమైన పైథాను దారి వేరు. ఆ వరుస నడచు వేళ గాని అది దిగుమతి దోషమును కనుగొనదు. అయితే చెప్పు తీరు బాగుపడినది. 2023లో వచ్చిన 3.12 కూర్పు, మాడ్యూలునుండి తెచ్చుకొను పేరులో అక్షరము తప్పినచో దగ్గరి పేరును సూచించుచున్నది. 2024 నాటి 3.13 కూర్పు మరియొక చిక్కును విప్పినది. విద్యార్థి తన ఫైలునకే ‘రాండమ్’ అని పేరు పెట్టి, అదే పేరుగల ప్రామాణిక మాడ్యూలును పిలిచినచో, పైథాను అతని ఫైలునే తెచ్చుకొనును. పూర్వము అందులో ఫలానా పేరు లేదని మాత్రమే చెప్పెడిది. ఇప్పుడు ఫైలు పేరు మార్చుకొనుమని కారణముతో సహా చెప్పుచున్నది. ఎందరి పూటలు దీనికి బలియైనవో!

కాని మాడ్యూలే దొరకనప్పుడు పైథాను దాని పేరు చెప్పి ఊరకుండును. చిరునామాదారు లేడని వ్రాసి ఉత్తరము త్రిప్పిపంపిన తపాలా బంట్రోతు, తాను ఏ వీధులు తిరిగెనో చెప్పనట్లున్నది. వెదకిన ఫోల్డర్ల జాబితా పైథాను చేతిలోనే యున్నది. ఒకే యంత్రముపై రెండు పైథానులుండి, విద్యార్థి ఒకదానిలో మాడ్యూలును స్థాపించి రెండవదానితో ప్రోగ్రాము నడపినచో వచ్చు సందేశమును, పేరు తప్పు వ్రాసినచో వచ్చు సందేశమును ఒక్కటే. అతడు చేసినదే మరల చేయును. మాడ్యూలు మొదటి పైథానులోనికే మరల పోవును.