వైజ్ఞానిక కల్పనా కథలు: శక్తి, ధర్మము

విజ్ఞానము మనుష్యునికి శక్తి నిచ్చును. ఆ శక్తిని ఎట్లు వాడవలెనో మాత్రము ఏ సూత్రమును చెప్పదు. వంతెన కట్టువానికిని, ఫిరంగి పేల్చువానికిని గురుత్వాకర్షణ సూత్రము ఒక్కటే. వైజ్ఞానిక కల్పనా కథలు వింత యంత్రములతో వినోదపరచుటకే పుట్టినవని పలువురు తలంతురు. ఉత్తమ కృతులను పరిశీలించినచో, వాటి అసలు వస్తువు యంత్రము కాదనియు, యంత్రమును చేపట్టినవాని మనస్సనియు తెలియగలదు.

1818లో మేరీ షెల్లీ ప్రకటించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలలో విక్టర్ అను యువకుడు ఒక ప్రాణిని నిర్మించి జీవము పోయును. దాని వికృత రూపము చూచినంతనే పారిపోవును. దిక్కులేని ఆ ప్రాణి చాటుననుండి ఒక కుటుంబమువారి మాటలు విని భాష నేర్చుకొనును. ఆదరమును కోరి, అందరిచే తరుమబడి, తుదకు హత్యలకు పాల్పడును. దైవము చేయవలసిన పనిలో మానవుడు తలదూర్చరాదను నీతిగా ఈ కథను చెప్పుట వాడుక. అది పైపై చదువు. విక్టర్ దోషము సృష్టించుటలో లేదు. సృష్టించినదానిని వదలివేయుటలో కలదు. కన్నబిడ్డను వీధిపాలు చేసిన తండ్రి తప్పు ఎట్టిదో ఇదియు అట్టిదే.

హెచ్.జి. వెల్స్ 1897లో వెలువరించిన 'అదృశ్య మానవుడు' మరొక కోణమును చూపును. నీటిలో వేసిన గాజుపొడి కంటికి సరిగా ఆనదు. రెంటి వక్రీభవన గుణకములు దగ్గరగా నుండుటయే కారణము. దేహపు గుణకము గాలితో సమానమైనచో మనిషియు కనపడడని గ్రిఫిన్ అను శాస్త్రజ్ఞుని ఊహ. ఇందొక లోపము కలదు. కంటి లోపలిపొర కాంతిని గ్రహింపనిచో చూపే యుండదు. అదృశ్యుడు అంధుడు కావలెను. అయినను కథ నిలిచినది. ఎవరును తనను పట్టలేరని తెలిసిన క్షణము నుండి గ్రిఫిన్ దొంగయై, పిమ్మట ప్రజలను భీతితో ఏలదలచిన క్రూరుడగుట నమ్మదగినట్లున్నది. జవాబుదారీ లేని శక్తి మంచిచెడ్డలను మరపించునని ఇందలి పాఠము.

తెలుగున ఇట్టి వస్తువునకు ఎక్కువమంది ఎరిగిన ఉదాహరణ, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో విడుదలయైన 'ఆదిత్య 369' చలనచిత్రము. వెల్స్ కాలయంత్రపు ఊహను తెలుగు నేలకు తెచ్చి, 1526 నాటి విజయనగరమును, 2504 నాటి ప్రపంచమును చూపుట దీని ఘనత. భావికాలమున యుద్ధానంతర అణుధార్మికతకు వెఱచి జనులు భూగర్భమున బ్రతుకుచుందురు. ఇది బలమైన హెచ్చరిక. కాని నైతిక విచారణలో చిత్రము తేలికదారి పట్టినది. యంత్రము చేసిన ఆచార్యుడు అమాయకుడు. చెడుగంతయు పురావస్తువుల దొంగది. దొంగ పట్టుబడినచో చిక్కు తీరినట్లే! భూమిని పాడుచేసిన ఆయుధములను దొంగలు చేయలేదు. వాటిని చేయువారు చదువుకొన్నవారే. ఈ ప్రశ్నను చిత్రము ముట్టి వదలినది.

చరిత్ర ఆ ప్రశ్నను వదలలేదు. వెల్స్ 1914లోనే ఒక నవలలో అణుబాంబులను ఊహించెను. లియో జిలార్డ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1932లో దానిని చదివెను. మరుసటి యేడు న్యూట్రాన్ల శృంఖల చర్య అతనికి స్ఫురించెను. జర్మనీ ముందుగా బాంబు చేయునను భయముతో, 1939లో ఐన్‌స్టైన్ సంతకముతో అమెరికా అధ్యక్షునికి లేఖ పంపించినవాడు అతడే. 1945 జులైలో, ముందుగా షరతులు తెలిపి లొంగుబాటుకు అవకాశమీయక జపానుపై బాంబు వేయరాదని తోటి శాస్త్రజ్ఞులచే విన్నపముపై సంతకములు చేయించినవాడును అతడే. ఆగస్టు 6న హిరోషిమాపై బాంబు పడెను. విక్టర్ వలె అతడు పారిపోలేదు. అయినను శక్తి చేయిదాటి పోయినది. తుదివరకు బాధ్యత వహించిననే చాలదు, తొలినాటనే వహింపవలెనని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఇది దూరదేశపు మాట కాదు. రఘునాథపల్లి అప్పటి వరంగల్లు జిల్లాలోనిది. 1997-98లో ఆ జిల్లా పత్తి చేలను పురుగు పాడుచేసెను. మందు చల్లినకొలది, దానికి తట్టుకొన్న పురుగులే మిగిలి సంతతిని పెంచెను. మరల ఎక్కువ మందు, ఎక్కువ అప్పు. పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. మందు శక్తి నిజమే. ఎంత, ఎప్పుడు, ఎందులకు చల్లవలెనో రైతునకు విప్పిచెప్పు బాధ్యతను తలకెత్తుకొన్నవారు తక్కువ.

కనుక ఈ కథలను తరగతిలో చెప్పునపుడు "ఈ యంత్రము సాధ్యమా?" అని అడిగి ఊరకుండరాదు. "ఇది ఎవరి చేతికి పోవును? చెడినచో ఎవరు నిలిచి జవాబు చెప్పుదురు?" అనియు అడుగవలెను. మొదటి ప్రశ్న భౌతికశాస్త్రమును నేర్పును. రెండవది నేర్వని విద్యార్థి ఎంత చదివినను విక్టర్ వంటివాడే కాగలడు.